కంప్యూటర్ల దుమ్ము దులిపిన ఆయమ్మ

మొన్న మంగళవారం పొద్దున ఆయమ్మ కూతురు శిరివెళ్ల నుంచి ఫోను చేసింది. "అన్నా, అమ్మ పోయింది" అంది. ఫోను పెట్టలేదు. వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. వస్తున్నానమ్మా అని చెప్పి నేనే పెట్టేశాను. వెంటనే లేచి బయలుదేరాను అని రాయాలని ఉంది గానీ, నేను లేవలేదు. ఆళ్లగడ్డలో నాదొక చిన్న ఆన్‌లైన్ సెంటరు. బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ఒక తల్లీ కూతురూ పెట్టుకుంటున్న కాలేజీ అప్లికేషను సగంలో ఉంది. అది పూర్తి చేసి, ప్రింటు తీసి చేతికిచ్చి, మిగిలిన వాళ్లను రేపు రమ్మని, అప్పుడు షట్టరు దించాను. ఈ వయసుకు వచ్చేసరికి దుఃఖం కూడా బెంచీ మీద కూర్చుని, తన వంతు వచ్చాకే లేచి వస్తోంది.

నేను వెళ్లేసరికి ఇంటి ముందర షామియానా కింద ఆమెను పడుకోబెట్టారు. తెల్లవారుజామున ఊపిరాడక లేచి కూర్చుందట, నీళ్లు అడిగిందట, కూతురు చెంబు తెచ్చేలోపే ఒరిగిపోయిందట. ఆమె చేతులు చూశాను. ఎవరో కడిగి ఉంటారు. ఇరవై ఏళ్ల పరిచయంలో ఆ చేతులను అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు. నేనెవరని పక్కనున్న పెద్దాయన అడిగితే, "అమ్మ నంద్యాలలో పనిచేసిన కాడ సారు" అని కూతురు చెప్పింది. ఆయన గౌరవంగా లేచి కుర్చీ ఇచ్చాడు. నేను ఆమెకు సారు కాదు, ఆమె దగ్గర పని నేర్చుకున్న వాడిని అని చెప్పడానికి ఆ నిమిషాన నాకు ఓపిక లేకపోయింది. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నంద్యాలలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పైన రెండు గదులు, పన్నెండు కంప్యూటర్లు, కింద పిండిమర. నేను టైపింగు, అకౌంట్ల ప్యాకేజీలు నేర్పే సారుని. ఆమె ఊడ్చి, తుడిచి, నీళ్లు పట్టి, బెల్లు కొట్టే ఆయమ్మ. ఏసీ లేదు. ఎండాకాలం కిటికీలు తెరిస్తే కింది నుంచి జొన్నపిండీ మిరపకారం ఘాటూ లేచి వచ్చేవి, మూస్తే మనుషులు ఉడికిపోయేవాళ్లు. తెరిచే పెట్టేవాళ్లం. పిల్లలు తుమ్ముకుంటూ టైపు చేసేవాళ్లు. ఆ పిండి ఎక్కడికి పోతోందో మేమెవరమూ ఆలోచించలేదు. బల్లలు తుడిస్తే చాలనుకున్నాం.

ఒకరోజు రెండు కంప్యూటర్లు ఆగిపోతే కర్నూలు నుంచి సర్వీసు అతను వచ్చాడు. టార్చి పట్టుకోవడానికి ఎవరైనా కావాలన్నాడు. నాకు క్లాసు ఉందని ఆయమ్మను పంపాను. అతను కంప్యూటరు పక్క రేకు విప్పి చూపించాడట. ప్రాసెసరు మీదుండే అల్యూమినియం రేకుల దిమ్మె, దాని మీది ఫ్యానూ కలిసి, తడి తగిలి ఎండిన పిండితో పూర్తిగా పూడిపోయి ఉన్నాయి. ఆ రేకుల మధ్య గాలి తిరిగితేనే ప్రాసెసరు చల్లగా ఉంటుంది. లేకపోతే కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి కంప్యూటరే ఆగిపోతుంది. ఈ మాటలు ఆ సాయంత్రం నాకు చెప్పింది ఆయమ్మే. "మనం ముక్కులో దూది పెట్టుకొని పరిగెత్తినట్టుంది సారూ దాని పని. అది ఆగిపోక ఏం చేస్తాది?" అంది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆమె పని మొదలుపెట్టింది. భర్తకు ఒకప్పుడు సైకిలు షాపు ఉండేది. ఆయనా పోయాడు, షాపూ పోయింది, గాలి కొట్టే పంపు మాత్రం ఇంట్లో మిగిలింది. అది తెచ్చింది. మెత్తటి పెయింటు బ్రష్షు ఒకటి తెచ్చింది. స్విచ్చి ఆపి, ప్లగ్గు గోడ నుంచి పీకి, కంప్యూటర్లో మిగిలిన కరెంటు పోవడానికి ఒకసారి పవర్ బటన్ నొక్కి, కాసేపు ఊరికే కూర్చునేది. ఆ కూర్చోవడం చూసి నేను నవ్వేవాడిని. వేడి మీదున్న దాన్ని ముట్టుకోకూడదు అనేది. తర్వాత ఒక్కొక్కటే వరండాలోకి మోసుకుపోయి, రేకు విప్పి, ముందు కిటికీ ఊచ మీద చెయ్యి పెట్టి, అప్పుడు లోపల చెయ్యి పెట్టేది. ఒంట్లోని కరెంటు ఊచలోకి పోతుందట, అదీ ఆ సర్వీసు అతను చెప్పిందే. పంపుతో గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకునేది. వదిలేస్తే గిర్రున తిరిగి పాడవుతుంది. తడిగుడ్డ దగ్గరకు రానిచ్చేది కాదు. కరెంటు వచ్చే ఇనప డబ్బాను పైనుంచి ఊదేదే గానీ ఎన్నడూ విప్పలేదు. "దాని కడుపులో ఏముందో నాకు తెలీదు. తెలీని కాడ చెయ్యి పెట్టగూడదు" అనేది.

చదువు ఐదో తరగతి. పన్నెండు కంప్యూటర్లకు సుద్దతో నంబర్లు వేసింది. గది ఊడుస్తూ ఊడుస్తూ ఆగి, వెనక గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి చూసేది, పెనం కాగిందో లేదో చూసినట్టు. నేను పాఠం చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడి, "ఐదో నంబరు గొణుగుతాంది సారూ" అనేది. పిల్లలు నవ్వేవాళ్లు. మధ్యాహ్నం చూస్తే ఐదో నంబరు ఫ్యాను నిజంగానే ఒకవైపు ఒరిగి ఉండేది. సెలవులప్పుడు కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పేది, తెరిచే రోజు అందరికంటే ముందొచ్చి తీసేది. గుడ్డ కప్పి నడిపితే గొంగడి కప్పుకుని ఎండలో నడిచినట్టే అని కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ చెప్పేది. ఆమె తుడిచిన ఆ రెండేళ్లలో మాకు సర్వీసు అతని అవసరం రాలేదు. దానికి ఓనరు నన్ను మెచ్చుకున్నాడు. నేను తల ఊపాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్పాలి. ఇదే లేకపోతే ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకునేవాడిని.

ఓనరు గదిలో ఒక కంప్యూటరు ఉండేది. పిల్లల పేర్లు, మార్కులు, సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. దాన్ని తలుపున్న టేకు టేబుల్లో లోపలికి తోసి పెట్టారు, చప్పుడు వినపడకూడదని, చూడ్డానికి బాగుంటుందని. దాన్ని బయట పెట్టమని ఆయమ్మ రెండు మూడుసార్లు నాతో చెప్పింది. ఓనరుకు చెప్పే ధైర్యం నాకు లేదు. మే నెలలో ఒకరోజు సాయంత్రం సర్టిఫికెట్లు ఇచ్చే ఫంక్షను ఉంది. అన్నీ ఆ పొద్దే ప్రింటు తీయాలి. పదకొండు గంటల నుంచి అది ఆగిపోవడం మొదలుపెట్టింది. నేను మళ్లీ వేస్తాను, పది సర్టిఫికెట్లు వస్తాయి, ఆగిపోతుంది. మళ్లీ వేస్తాను. ఓనరు ఎవరితోనో ఫోనులో మాట్లాడుకోవాలని వచ్చి, ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉందని టేబులు తలుపు వేయమన్నాడు. వేశాను. ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు వేశానో నాకు లెక్క లేదు. ఆయమ్మ మంచినీళ్లు తెచ్చి అక్కడే నిలబడిపోయింది.

"సారూ, వాసన వస్తాంది. ఆపేయ్. గంటసేపు చల్లారనీ."

నేను తల తిప్పలేదు. "నీ పని నువ్వు చూసుకో ఆయమ్మా" అన్నాను.

ఇంకో పావుగంటకు టేబుల్లో టప్పుమని చప్పుడైంది, తలుపు సందులోంచి సన్నగా పొగ వచ్చింది. కరెంటు డబ్బా పేలి మదర్‌బోర్డునూ హార్డ్ డిస్కునూ తీసుకుపోయింది. ఓనరు అరిచాడు. దీంట్లో చెయ్యి పెట్టింది ఎవరని అడిగాడు. రిసెప్షనులో అమ్మాయి అమాయకంగా, ఆదివారం ఆయమ్మ తుడిచింది సార్ అంది. ఆయన నా వైపు తిరిగాడు. "ఏమప్పా, ఆమె చెయ్యి పెట్టినందుకేనా?"

నాకు అప్పుడే పెళ్లి కుదిరింది. ఆ ఉద్యోగం చూసే పిల్లనిచ్చారు. ఇవన్నీ ఆ తర్వాత నాకు నేను చెప్పుకున్న కారణాలు. ఆ క్షణాన మాత్రం ఏ ఆలోచనా లేదు. "అయ్యుండొచ్చు సార్" అన్నాను.

ఆయమ్మ అక్కడే ఉంది, చేతిలో నీళ్ల జగ్గుతో. నన్ను చూడలేదు. పొగ వస్తున్న టేబులు వైపే చూస్తూ ఉంది. రేపటి నుంచి రావద్దని ఓనరు చెబితే సరే సార్ అంది. సాయంత్రం పోతూ పోతూ పన్నెండు కంప్యూటర్ల స్విచ్చులూ ఆపి, కిటికీలు వేసి, తాళం చెవి నా బల్ల మీద పెట్టింది. పంపు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది. నేను కాగితాలు సర్దుకుంటున్నట్టు కూర్చున్నాను.

పోయిన రికార్డులన్నీ పాత కాగితాలు చూసి మళ్లీ ఎక్కించడానికి నాకు రెండు నెలలు పట్టింది. కంప్యూటర్లు ఎవరూ తుడవలేదు. నేను తుడవొచ్చు, ఎలాగో నాకు తెలుసు. బ్రష్షు పట్టుకోవాలంటేనే మనసొప్పలేదు. మరుసటి వేసవికి పన్నెండింట్లో ఏడు మిగిలాయి. ఆ పైయేడు ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. నేను ఆళ్లగడ్డ వచ్చి, శిల్పాలు చెక్కే షెడ్లు ఉండే వీధి మొదట్లో ఈ సెంటరు పెట్టుకున్నాను.

పొద్దస్తమానం రాతిని కోసే మిషన్ల మోత. తెల్లటి పొడి రోడ్డు మీద, చెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద. అది నా కంప్యూటర్లోకీ పోతుందని నాకు తెలియనిది కాదు. పని ఎక్కువ, అలసట ఎక్కువ, రేపు చూద్దాం అనుకుంటూ ఏళ్లు గడిపాను. ఒక ఏప్రిల్లో, ఏదో ఉద్యోగానికి అప్లికేషన్ల గడువు ముగిసే వారంలో, అది పది నిమిషాలకోసారి ఆగిపోవడం మొదలుపెట్టింది. వీధి దాకా మనుషులు నిలబడ్డారు. విత్తనాల షాపాయన వచ్చి, శిరివెళ్లలో ఒకామె ఉంది, మా షాపు కంప్యూటరు, రైసు మిల్లువాళ్లదీ, స్కూలువీ ఆమే బాగు చేస్తుంది, కంప్యూటర్ల ఆయమ్మ అంటారు అన్నాడు. సైకిలు పంపు సంచిలో పెట్టుకుని బస్సుల్లో తిరుగుతుందట.

నంబరు రాసిచ్చాడు. ఒక రోజంతా జేబులో పెట్టుకుని తిరిగాను. రెండో రోజు ఒకమ్మాయి, గడువు రేపటితో అయిపోతుందన్నా అని ఏడుపు ముఖం పెడితే, అప్పుడు చేశాను. ఆమె నా గొంతు గుర్తుపట్టి, "యాడుండావు సారూ?" అని అడిగింది. చెప్పాను. పొద్దున మొదటి బస్సుకు దిగింది.

జుట్టు నెరిసింది గానీ నడక అదే. కుశల ప్రశ్నలు లేవు. నేరుగా కంప్యూటరు దగ్గరకు పోయింది. "ఈడ పెట్టినావేంది సారూ, నేల మీద, గోడకానిచ్చి? ఊపిరి యాడ ఇడుస్తాది ఇది?" అంది. ప్లగ్గు పీకి, దాన్ని వెనక దొడ్లోకి నా చేతే మోయించింది. రేకు విప్పితే లోపల సున్నం పూసినట్టుంది. కొంగు ముక్కుకు చుట్టి కట్టుకుని, బ్రష్షు నా చేతికిచ్చింది. నువ్వు చెయ్యి, నేను చూస్తాను అంది. నేను దులుపుతుంటే తాను పంపు కొట్టింది. అల్యూమినియం దిమ్మె ఊడదీసింది. దానికీ ప్రాసెసరుకూ మధ్య ఉండాల్సిన జిగురు లాంటి పేస్టు ఎండి పెళుసుబారి సుద్దలా రాలింది. దూదికి స్పిరిటు అద్ది తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టింది. ఎక్కువ పెడితే వేడి దిగదు, తక్కువైనా దిగదు అని చెప్పింది. ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగితే, చూసి నేర్చుకున్నా, తప్పు చేసి నేర్చుకున్నా అంది.

అప్పుడు అన్నాను. "ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా ఆయమ్మా."

ఆమె చెయ్యి ఆపలేదు. "తెలుసు సారూ. వాసన ముందు నాకే గదా తగిలింది."

"మరి ఓనరుకు చెప్పొచ్చు గదా."

"నేను చెప్తే ఎవురింటారు? నువ్వు చెప్తే ఇంటాండ్రి."

నేను బ్రష్షుకు అంటిన పొడి దులుపుకుంటూ కూర్చున్నాను. ఆమే మళ్లీ, గొంతు పెంచకుండా, మరలు బిగిస్తూ మాట్లాడింది. "కోపం లేదని చెప్పను. శానా దినాలుండె. కూలికి పోతే గూడా దాన్నే తలుచుకుంటాంటి. తర్వాత ఆ మిల్లాయన కంప్యూటరు ఆగిపోయిందని పిలిచినాడు. పనిలో పడినా. సరే, ప్లగ్గు పెట్టు, చూద్దాం."

పెట్టాను. ఆ రోజు చీకటి పడే దాకా అది ఒక్కసారీ ఆగలేదు. ఆ అమ్మాయి అప్లికేషను వెళ్లింది. ఇప్పుడా అమ్మాయి ఏదో ఆఫీసులో పని చేస్తోందని విన్నాను. ఆయమ్మ సంగతి ఆమెకు తెలియదు.

ఆ తర్వాత మూడు నెలలకోసారి వచ్చేది. కంప్యూటరును బల్ల మీదికి ఎక్కించింది, గోడకు జానెడు ఎడం పెట్టించింది. షెడ్ల వైపు కిటికీకి పలుచటి తెర కట్టించింది. పని అయ్యాక టీ తాగి, పావుగంట కూర్చుని పోయేది. అట్లా ఒకసారి కూర్చున్నప్పుడు, నేను నంద్యాల పోయి ఓనరును కలిసిన సంగతి చెప్పాను. ఆయన ఇప్పుడు కొడుకు బట్టల షాపులో కూర్చుంటున్నాడు. జరిగిందంతా చెప్పి, తప్పు నాది, ఆమెది కాదు అన్నాను. ఆయన, "ఏ ఆయమ్మప్పా? మన దగ్గర శానా మంది చేసినారు" అన్నాడు. కంప్యూటరు కాలిపోయిన సంగతి గుర్తుంది. ఆమె గుర్తు లేదు. కూల్ డ్రింకు తెప్పించాడు, తాగకుండా రావడం బాగుండదని తాగి వచ్చాను.

ఇది విని ఆయమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ఆయనకు గుర్తు లేకపోతే పోనీ, నువ్వైతే అంతదూరం పోయి చెప్పినావు గదా అంది. తర్వాత, "ఇంక దాన్ని ఊరూరికే ఇప్పొద్దు సారూ. మళ్లా మళ్లా ఇప్పితే మరలు అరిగిపోతాయి" అంది. క్షమించింది అనే మాట ఆమె ఎప్పుడూ వాడలేదు. నేనూ అడగలేదు. మూడు నెలలకోసారి వస్తూనే ఉంది, అది చాలనుకున్నాను.

పోయిన ఏడాది వానాకాలం నుంచి మెట్లు ఎక్కితే ఆయాసం. నా సెంటరుకు ఉన్నవి మూడే మెట్లు. రెండో దాని మీద నిలబడి తలుపు పట్టుకునేది. నంద్యాల ఆసుపత్రికి కూతురితో పాటు నేనూ వెళ్లాను. ఏం పని చేసేదానివని డాక్టరు అడిగితే, "దుమ్ము దులిపే పని" అని చెప్పింది. డాక్టరు ఏదో రాసుకున్నాడు. దాని వల్లనేనా అని నేను అడగలేదు. అడిగి తెలుసుకుని ఏం చేయాలో నాకు తెలియదు. ఎంతమంది షాపుల్లో ఎంత దుమ్ము ఆమె పీల్చిందో, అందులో నాది ఎంతో. తిరిగి వచ్చేటప్పుడు మూతికి కట్టుకునే మాస్కులు ఒక డబ్బా కొనిచ్చాను. ఇన్నాళ్లకా అన్నట్టు చూసి, సంచిలో వేసుకుంది.

డాక్టరు వద్దన్నాక కూడా ఒకసారి వచ్చింది, మార్చిలో. నేను వద్దని ఫోనులో చెప్పినా వినలేదు. కూర్చుని చూస్తాను, నువ్వు చేస్తాండు అంది. కుర్చీ దొడ్లో వేశాను, దూరంగా. ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని, ఫ్యాను రెక్క కింద అట్లా కాదు, ఇట్లా అని చూపించింది. పని అయ్యాక అరచెయ్యి వెనక పెట్టి చూసి, బాగుంది అంది. ఇరవై ఏళ్లలో నా పని బాగుందని ఆమె అన్నది ఆ ఒక్కసారే.

బస్టాండుకు ఆటోలో తీసుకెళ్లి, నంద్యాల బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి కిందికి దిగాను. శిరివెళ్లలో దింపమని కండక్టరుకు చెప్పాను. కిటికీలోంచి చూస్తే, రాతి పొడి ఆమె కనుబొమల మీదా, చెవుల దగ్గర వెంట్రుకల మీదా సన్నగా, తెల్లగా అంటుకుని ఉంది. తుడుచుకోమని చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే కళ్లు మూసుకుంది. బస్సు ఇంకా కదలనే లేదు, ఆమెకు నిద్ర పట్టేసింది. పక్క సీట్లో టమాటా బుట్టతో కూర్చున్న ఆడమనిషి ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, బుట్టను కాళ్ల కిందికి జరుపుకుని, తన భుజాన్ని కొంచెం ఆమె వైపు వంచింది. ఆయమ్మ తల నెమ్మదిగా ఆ భుజం మీదికి వాలింది.